అబ్రాహాము, ఇబ్రహీం ఒక్కరే.. మరి మూడు మతాలు ఎక్కడ విడిపోయాయి?

అబుదాబీలోని సాదియాత్ ద్వీపంలో ఒక ప్రాంగణం ఉంది. పేరు అబ్రహామిక్ ఫ్యామిలీ హౌస్. 2023లో తెరిచారు. లోపల ఒక మసీదు, ఒక చర్చి, ఒక సినగాగ్.. అంటే యూదుల ప్రార్థనాలయం. మూడూ క్యూబుల్లాగే ఉంటాయి, మూడూ ఒకే సైజు. ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు అన్నట్టుగా ఆర్కిటెక్ట్ డేవిడ్ అజాయే వాటిని డిజైన్ చేశారు. యూఏఈలో పనిచేస్తున్న తెలుగువాళ్లకు అది సెలవు రోజున వెళ్లి చూసొచ్చే దూరమే.

అయితే కాస్త గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. మూడూ ఒకే అరుగు మీద కట్టినవే కానీ మూడూ ఒకే వైపు తిరిగి లేవు. మసీదు మక్కా వైపు, సినగాగ్ జెరూసలేం వైపు, చర్చి తూర్పు వైపు తిరిగి ఉంటాయి. ఈ మూడు మతాల మధ్య ఉన్న సంబంధం కూడా దాదాపు ఇలాంటిదే. పునాది ఒక్కటే, తిరిగిన వైపులు వేరు.

ప్రపంచ జనాభాలో సగం మందికి పైగా ఈ మూడు మతాల వాళ్లే. మన దగ్గర మసీదు, చర్చి లేని పట్టణం ఉండదు. అయినా ఒకరి నమ్మకం గురించి మరొకరికి తెలిసింది చాలాసార్లు వాట్సాప్ ఫార్వర్డ్ దగ్గరే ఆగిపోతుంది. 'వాళ్ల దేవుడు వేరు' అని ఒకరు, 'అన్నీ ఒక్కటే' అని ఇంకొకరు. నిజానికి ఆ రెండు మాటలూ సగం సగమే.

పేర్లు చూస్తేనే అర్థమవుతుంది

హైదరాబాద్‌లో ఇబ్రహీం, గుంటూరులో అబ్రహాం. ఇద్దరిదీ ఒకే పేరు. దావూద్ అంటే దావీదు, మూసా అంటే మోషే, సులేమాన్ అంటే సొలొమోను, యూసుఫ్ అంటే యోసేపు, యాకూబ్ అంటే యాకోబు, మరియం అంటే మరియ. జిబ్రయీల్ దూతే గబ్రియేలు. హీబ్రూలో మొదలైన ఈ పేర్లు అరబ్బీ మీదుగా ఒక రూపంలో, బైబిల్ అనువాదాల మీదుగా ఇంకో రూపంలో మన దాకా వచ్చాయి.

ఇంకో చిన్న విషయం. తెలుగు బైబిల్‌లో అబ్రాహాముకు దేవుడు ఇచ్చిన శరీర గుర్తును 'సున్నతి' అనే రాశారు. ఆ మాట ముస్లింల 'సున్నత్' నుంచి వచ్చిందే. అంటే యూదుల ఆచారాన్ని క్రైస్తవ గ్రంథంలో చెప్పడానికి తెలుగు అనువాదకులకు దొరికింది ముస్లింల మాట! మూడు మతాలూ ఒక్క తెలుగు పదంలో కలిసిన సందర్భం ఇది.

ముస్లింల నమ్మకం ప్రకారం ఇస్లాం కొత్తగా పుట్టిన మతం కాదు. ఆదం నుంచి ఇబ్రహీం, మూసా, ఈసా దాకా అందరు ప్రవక్తలూ చెప్పింది ఒకటే సందేశం, మహమ్మద్ ప్రవక్త వాళ్లలో చివరివారు. అందుకే ఖురాన్‌లో ఎక్కువసార్లు వినిపించే పేరు మహమ్మద్ ప్రవక్తది కాదు, మూసాది. మూసా పేరు 130 సార్లకు పైగా వస్తే, మహమ్మద్ అనే పేరు నాలుగుసార్లే వస్తుంది. యూదులను, క్రైస్తవులను ఖురాన్ 'గ్రంథ ప్రజలు' అని ప్రత్యేకంగా పిలుస్తుంది. తౌరాత్, ఇంజీల్ దేవుడు పంపినవే అని ఒప్పుకుంటుంది. కాకపోతే కాలక్రమంలో ఆ సందేశం మారిపోయిందని ముస్లింలు నమ్ముతారు. ఆ మాటను యూదులు, క్రైస్తవులు అస్సలు ఒప్పుకోరు. గొడవ అక్కడే మొదలవుతుంది.

బలికి తీసుకెళ్లిన కొడుకు ఎవరు?

బక్రీద్ వెనకున్న కథ చాలామందికి తెలిసిందే. కొడుకును బలి ఇవ్వమని దేవుడు ఇబ్రహీంను పరీక్షిస్తాడు. ఆయన సిద్ధపడతాడు. ఆఖరి క్షణంలో దేవుడు ఆపుతాడు, కొడుకు బదులు పొట్టేలు బలి అవుతుంది. ఈ కథ బైబిల్ ఆదికాండంలోనూ ఉంది. కానీ ఆ కొడుకు ఎవరు?

బైబిల్ ప్రకారం ఇస్సాకు. అంటే శారాకు పుట్టిన కొడుకు, యూదుల మూలపురుషుడు. ముస్లింలలో ఎక్కువమంది చెప్పేది ఇస్మాయీల్ అని. హాజరాకు పుట్టిన పెద్దకొడుకు, అరబ్బుల మూలపురుషుడు. ఇక్కడ ఆసక్తికరమైన సంగతేంటంటే, ఖురాన్ ఆ సందర్భంలో కొడుకు పేరే చెప్పదు. తొలి శతాబ్దాల ముస్లిం పండితుల్లోనే దీని మీద రెండు అభిప్రాయాలు ఉండేవి. పేరుమోసిన వ్యాఖ్యాత తబరీ ఆ కొడుకు ఇస్సాకే అన్న వైపు మొగ్గారు. తర్వాతి కాలంలో ఇస్మాయీల్ అన్న అభిప్రాయమే స్థిరపడింది.

ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. బైబిల్లో అబ్రాహాము కొడుక్కి విషయం చెప్పడు. బలికి గొర్రెపిల్ల ఏదని కొడుకే అడుగుతాడు. ఖురాన్‌లో తండ్రి తనకొచ్చిన కల గురించి ముందే చెప్పి నీ ఉద్దేశం ఏంటని అడుగుతాడు, కొడుకు ఒప్పుకుంటాడు. బైబిల్‌లో అది తండ్రికి పరీక్ష. ఖురాన్‌లో తండ్రీకొడుకులిద్దరికీ పరీక్ష.

ఒకే కథను మూడు మతాలూ మూడు రకాలుగా గుర్తుచేసుకుంటాయి. యూదులు తమ కొత్త సంవత్సరం రోష్ హషానాకు సినగాగ్‌లో ఈ భాగాన్ని చదువుతారు, పొట్టేలు కొమ్ముతో చేసిన బూరను ఊదుతారు. ముస్లింలు ఖుర్బానీ ఇస్తారు. మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు పంచడం ఆనవాయితీ. క్రైస్తవులకు జంతుబలి లేదు. తన కుమారుణ్ని బలిగా ఇచ్చిన దేవుడి కథకు ఇది ముందస్తు సూచన అని వాళ్లు చదువుకుంటారు. వాళ్లకు ఆ బలి యేసుతో పూర్తయిపోయింది.

అల్లా అంటే వేరే దేవుడా?

ఇది తరచూ వచ్చే ప్రశ్న. సమాధానం ఈజిప్టు, లెబనాన్, సిరియా చర్చిల్లో దొరుకుతుంది. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు దేవుణ్ని అల్లా అనే పిలుస్తారు. అరబ్బీ బైబిల్‌లోనూ అదే మాట. హీబ్రూలో దేవుడికి వాడే 'ఎలోహ', 'ఎలోహీం'కు ఇది చుట్టమే. షాలోం, సలాం కూడా అంతే.. రెండింటికీ శాంతి అనే అర్థం.

పేరు కాదు తేడా. ఆ దేవుడు ఎలాంటివాడు అన్నదాని దగ్గర తేడా. దేవుడు ఒక్కడే, విభజన లేదు, సాటి లేదు, సంతానం లేదు, బొమ్మ లేదు.. ఈ విషయంలో యూదులు, ముస్లింలు దాదాపు ఒకే వైపు ఉంటారు. క్రైస్తవులూ దేవుడు ఒక్కడే అంటారు. కానీ ఆ ఒక్క దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్నాడని నమ్ముతారు. దీన్నే త్రిత్వం అంటారు. ముగ్గురు దేవుళ్లని క్రైస్తవులు అనరు. అయినా ముస్లింలకు, యూదులకు ఇది ఏకత్వానికి భంగంలాగే కనిపిస్తుంది.

దీని ప్రభావం ఎంత దూరం వెళ్లిందంటే, 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ముస్లింలు విగ్రహారాధకులు కారని, వాళ్లది స్వచ్ఛమైన ఏకేశ్వరవాదమని తేల్చి చెప్పారు. అప్పటి ముస్లిం పాలకుల వల్ల ఆయన కుటుంబం స్పెయిన్‌లో ఇబ్బందులు పడి ఊళ్లు మారాల్సి వచ్చింది, అయినా ఆయన అభిప్రాయం అదే. ఇప్పటికీ సంప్రదాయ యూదు మతగురువుల్లో చాలామంది మసీదులోకి వెళ్లొచ్చంటారు, చర్చిలోకి వద్దంటారు. అబుదాబీ సినగాగ్‌కు పెట్టింది ఈ మైమోనిడీస్ పేరే.

యేసు దగ్గరే అసలు మలుపు

దేవుడి విషయంలో ఇస్లాం యూదు మతానికి దగ్గర అనుకున్నాం కదా. యేసు విషయానికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది.

యూదు మతంలో యేసుకు ప్రవక్త స్థానం కూడా లేదు. మెస్సీయ ఇంకా రావాల్సే ఉందని యూదుల విశ్వాసం. ఇస్లాంలో మాత్రం ఈసా గొప్ప ప్రవక్తల్లో ఒకరు. ఆయన తల్లి మరియం కన్య అని ముస్లింలు నమ్ముతారు. ఆయన్ని మసీహ్ అనే ఖురాన్ పిలుస్తుంది. గుడ్డివాళ్లకు చూపు ఇచ్చారని, కుష్ఠు నయం చేశారని, దేవుడి అనుమతితో చనిపోయినవాళ్లను లేపారని చెబుతుంది. ఖురాన్‌లో పేరుతో కనిపించే ఒకే ఒక్క స్త్రీ మరియం. 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. యేసు తల్లిని తలచుకునే విషయంలో కొన్ని ప్రొటెస్టెంట్ చర్చిల కంటే మసీదులోనే ఎక్కువ వినిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

ప్రళయానికి ముందు ఈసా మళ్లీ వస్తారని కూడా ముస్లింల విశ్వాసం. సిరియా రాజధాని డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఒక మినార్‌కు ఈసా మినార్ అనే పేరుంది. అదే మసీదులో బాప్తిస్మమిచ్చే యోహాను, అంటే యహ్యా ప్రవక్త తల ఉందని చెప్పే మందిరం ఉంది. 2001లో పోప్ రెండో జాన్ పాల్ అక్కడికి వెళ్లారు. ఒక పోప్ మసీదులో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

మరి ఇంత దగ్గరగా వచ్చి ఎక్కడ విడిపోయారు? రెండు చోట్ల. ఒకటి, ఈసా దేవుడి కుమారుడు కాదు, దేవుడు అంతకన్నా కాదు అంటుంది ఇస్లాం. రెండు, ఆయన్ని సిలువ వేసి చంపలేదు, అలా కనిపించిందంతే, దేవుడు తనవైపు ఎత్తుకున్నాడు అంటుంది. ముస్లింల దృష్టిలో ఇది ప్రవక్తకు ఇచ్చే గౌరవం. క్రైస్తవుల దృష్టిలో ఇది విశ్వాసానికి మూలస్తంభాన్నే తీసేయడం. సిలువ లేకపోతే గుడ్ ఫ్రైడే లేదు, ఈస్టర్ లేదు, రక్షణే లేదు.

దీని వేరు ఇంకా వెనక్కి, ఆదాము దగ్గరికి వెళ్తుంది. తొలి మనుషులు చేసిన పాపం మానవజాతి మొత్తాన్ని పట్టుకుంది, దాన్నుంచి విడిపించడానికి రక్షకుడు కావాలి.. ఇది క్రైస్తవ బోధ. ఖురాన్‌లో ఆదం, ఆయన భార్య తప్పు చేశారు, పశ్చాత్తాపపడ్డారు, దేవుడు క్షమించాడు, అక్కడితో అయిపోయింది. పుట్టుకతో వచ్చే పాపం లేదు కాబట్టి దానికి బలి అవసరమూ లేదు. యూదుల ఆలోచన కూడా ఇక్కడ ఇస్లాం వైపే ఉంటుంది.

చాలామంది ఖురాన్‌ను బైబిల్‌తో పోలుస్తారు. కానీ మత అధ్యయనాలు చేసేవాళ్లు ఇంకో పోలిక చెబుతారు. క్రైస్తవులకు దేవుడి వాక్కు అంటే యేసు అనే వ్యక్తి. ముస్లింలకు దేవుడి వాక్కు అంటే ఖురాన్ అనే గ్రంథం. ఆ లెక్కన ఖురాన్‌తో పోల్చాల్సింది యేసునే. తెలుగు చర్చిలో బైబిల్ తెలుగులోనే చదువుతారు, ఎవరికీ అభ్యంతరం లేదు. నమాజ్‌లో మాత్రం ఖురాన్ అరబ్బీలోనే ఎందుకు చదువుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ముఖం మళ్లిన రోజు

ఆచారాల్లోకి వస్తే ఇస్లాం, యూదు మతం అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. యూదులకు రోజుకు మూడు ప్రార్థనలు, ముస్లింలకు ఐదు. ఇద్దరిలోనూ మగవాళ్లు తలపై టోపీ పెట్టుకుంటారు. ప్రార్థనకు ముందు నీళ్లతో శుద్ధి చేసుకుంటారు. ప్రార్థనా స్థలంలో బొమ్మలు, విగ్రహాలు ఉండవు.

మొదట్లో ముస్లింలు నమాజ్ చేసింది కూడా జెరూసలేం వైపే. మహమ్మద్ ప్రవక్త మదీనాకు వలస వెళ్లిన ఏడాదిన్నర లోపు, 624లో, దిశ మక్కాలోని కాబా వైపు మారింది. మదీనాలో రెండు ఖిబ్లాల మసీదు పేరుతో ఇప్పటికీ ఒక మసీదు ఉంది. అబుదాబీలో మసీదు ఒకవైపు, సినగాగ్ ఇంకోవైపు తిరిగి ఉండటానికి మూలం ఆ మార్పే.

శుక్రవారం, శనివారం, ఆదివారం సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఏంటంటే, శుక్రవారం విశ్రాంతి రోజు కాదు. యూదుల శనివారం సబ్బాతు పూర్తిగా పని మానేసే రోజు. నిప్పు రాజేయకూడదు, సంప్రదాయవాదులైతే లైట్ స్విచ్ కూడా వేయరు. ఆరు రోజుల్లో సృష్టి చేసి దేవుడు ఏడో రోజు విశ్రమించాడు అన్నది దానికి ఆధారం. ఖురాన్ కూడా ఆరు రోజుల సృష్టి అంటుంది కానీ దేవుడికి అలసట లేదంటుంది. అందుకే జుమ్మా నమాజ్ వరకు కొట్టు కట్టేస్తే చాలు, తర్వాత మళ్లీ వ్యాపారం చేసుకోవచ్చు. చార్మినార్ దగ్గర శుక్రవారం మధ్యాహ్నం చూస్తే ఇది కళ్లకు కడుతుంది.

ఉపవాసం.. అధిక మాసం

యూదులకు అన్నిటికన్నా పెద్ద ఉపవాసం యోమ్ కిప్పూర్. దాదాపు 25 గంటలు అన్నం లేదు, నీళ్లు లేవు. వాళ్ల తిష్రీ నెల పదో రోజున వస్తుంది. మహమ్మద్ ప్రవక్త మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు ఉపవాసం ఉండటం చూశారని, మోషే ప్రజలు ఫరో నుంచి విముక్తి పొందిన రోజని వాళ్లు చెప్పారని, ఆయన కూడా ఉపవాసం ఉన్నారని హదీసుల్లో ఉంది. అదే ముహర్రం పదో రోజు, ఆషురా. తర్వాత రంజాన్ ఉపవాసం తప్పనిసరి అయ్యాక ఆషురా ఐచ్ఛికంగా మారింది. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ అమరుడైంది కూడా ఆ తేదీనే. తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా పీర్లు ఎత్తుకునే పీర్ల పండుగ ఆ జ్ఞాపకంతోనే వచ్చింది.

క్రైస్తవుల లెంట్ 40 రోజులు. ఇందులో చర్చికో పద్ధతి, మనిషికో పద్ధతి. కొందరు మాంసం మానేస్తారు, కొందరు ఒక పూట తింటారు.

రంజాన్ ఏటా ఎందుకు ముందుకు జరుగుతుందన్న డౌట్‌కు తెలుగు పంచాంగంలోనే క్లూ ఉంది. చంద్రుడి నెలలు పన్నెండు కలిపితే సౌర సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. మనం దాన్ని అధిక మాసంతో సరిచేస్తాం. యూదులూ అంతే, 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు కలుపుతారు. అందుకే వాళ్ల పస్కా పండుగ ఎప్పుడూ వసంతంలోనే వస్తుంది. ఈస్టర్ కూడా పౌర్ణమి లెక్కతో దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. నెలలను అలా జరపడాన్ని ఖురాన్ నిషేధించింది. అందుకే రంజాన్ ఎండాకాలం నుంచి చలికాలం దాకా అన్ని రుతువులూ తిరుగుతుంది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో ఇంకోసారి మొదలవుతుంది.

హైదరాబాద్ బిర్యానీ యూదులు తినొచ్చా?

తినకూడదు. పంది మాంసం ఉందని కాదు, పెరుగు ఉందని! మాంసాన్ని పాలతో, పాల పదార్థాలతో కలపడం యూదుల కోషర్ నియమాల్లో నిషేధం. పెరుగులో నానబెట్టి వండే మన బిర్యానీ అక్కడే ఫెయిల్. పక్కన రైతా కూడా కుదరదు.

పంది మాంసం, రక్తం ఇద్దరికీ నిషిద్ధమే. జంతువు గొంతు కోసి రక్తం కార్చే పద్ధతీ దగ్గరదగ్గరగా ఉంటుంది. ఒంటె మాంసం ముస్లింలకు హలాల్, యూదులకు కాదు. గ్రంథ ప్రజల ఆహారం తినొచ్చని ఖురాన్ చెప్పడంతో హలాల్ దొరకనిచోట చాలామంది ముస్లింలు కోషర్ మాంసం తీసుకుంటారు. యూదులు మాత్రం హలాల్‌ను కోషర్‌గా లెక్కించరు.

రొయ్యల దగ్గర ఇంకా తమాషా. నీళ్లలో ఉండేవాటికి రెక్కలు, పొలుసులు ఉంటేనే యూదులు తింటారు కాబట్టి రొయ్యలు, పీతలు వద్దు. సున్నీల్లో మూడు న్యాయ సంప్రదాయాలు రొయ్యలకు ఓకే చెప్పాయి. హనఫీ పండితుల్లో మాత్రం అసలు రొయ్య చేపా కాదా అన్న చర్చ ఉంది. 2018 జనవరిలో హైదరాబాద్‌లోని జామియా నిజామియా రొయ్యలు చేప జాతి కాదు, తినకూడదని ఫత్వా ఇవ్వడంతో అప్పట్లో పెద్ద చర్చే నడిచింది.

క్రైస్తవులకు ఈ గొడవ లేదు. మోషే ధర్మశాస్త్రంలోని ఆహార నియమాలు తమకు వర్తించవని తొలి శతాబ్దంలోనే తేల్చుకున్నారు, సున్నతి విషయంలోనూ అదే. ఇక వైన్ దగ్గర యూదులు, క్రైస్తవులు ఒకవైపు ఉంటారు. సబ్బాతు వైన్ గిన్నెతో మొదలవుతుంది, ప్రభు భోజనంలో ద్రాక్షారసం ఉంటుంది. ఇస్లాంలో మద్యానికి చోటే లేదు.

అదే కథ.. అదే సమాధి

ఈ పోలికలన్నీ పుస్తకాల్లో చదువుకోవడానికి బాగానే ఉంటాయి. ఒకే పూర్వీకుడు, ఒకే కథలు అంటే పవిత్ర స్థలాలూ ఒకటే అవుతాయి. కష్టం అక్కడ వస్తుంది.

వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోన్ పట్టణంలో అబ్రాహాము సమాధి ఉందని మూడు మతాలూ నమ్ముతాయి. యూదులకు అది మక్పేలా గుహ, ముస్లింలకు ఇబ్రహీమీ మసీదు. బైజాంటిన్, క్రూసేడ్ల కాలాల్లో చర్చిగానూ ఉంది. 1267 నుంచి యూదులను లోపలికి రానివ్వలేదు. బయట మెట్లలో ఏడో మెట్టు దాకే అనుమతి. 1967లో ఇజ్రాయెల్ ఆ పట్టణాన్ని స్వాధీనం చేసుకునేదాకా ఇదే పరిస్థితి. 1929లో హెబ్రోన్‌లో 67 మంది యూదులను అల్లరి మూకలు చంపేశాయి. 1994 ఫిబ్రవరి 25న, రంజాన్ నెలలో, తెల్లవారుజామున నమాజ్ చేస్తున్నవాళ్లపై ఒక యూదు తీవ్రవాది కాల్పులు జరిపి 29 మందిని చంపాడు.

ఆ తర్వాత కట్టడాన్ని రెండుగా విడదీశారు. ఒక భాగం మసీదు, ఒక భాగం సినగాగ్. వెళ్లే దారులు వేరు, మధ్యలో సైనికుల తనిఖీలు. ఏడాదిలో పది రోజులు మొత్తం కట్టడం యూదులకు, ఇంకో పది రోజులు మొత్తం ముస్లింలకు ఇస్తారు. ఇస్సాకు సమాధి కట్టడం ముస్లింల వైపు, యాకోబు సమాధి కట్టడం యూదుల వైపు పడ్డాయి.

అబ్రాహాము సమాధిని మాత్రం ఎటూ పంచలేకపోయారు. అది మధ్య గదిలో ఉంది. ఇటు వైపు కిటికీ ఊచల్లోంచి ముస్లింలు చూస్తారు, అటు వైపు కిటికీ ఊచల్లోంచి యూదులు చూస్తారు.